చిందరవందరైన ఫోను నంబర్ల జాబితా: ఏ పద్ధతిలో సర్దుకోవాలి?

శ్రీను, శ్రీను ఐడియా, శ్రీను కొత్త నంబరు, ప్లంబర్ శ్రీను, శ్రీను వాట్సాప్ అంటూ ఒకే మనిషి ఐదు పేర్లతో కనిపించే జాబితా మనలో చాలామంది ఫోన్లలో ఉంటుంది. వీటిలో ఒకటి ఆయన ఏనాడో వదిలేసిన నంబరు. రెండింటిలో ఉన్నది ఒకే నంబరు, కాకపోతే ఒకచోట ముందు సున్నా ఉంది, ఇంకోచోట +91 ఉంది. మరొకటి అసలు ఈ శ్రీనుది కాదు, అదే పేరున్న ఎలక్ట్రీషియన్‌ది. కుళాయి కారుతున్న రోజున ఈ ఐదింటికీ వరసగా ఫోన్ చేయవలసి వచ్చినప్పుడు గానీ జాబితాను బాగుచేసుకోవాలన్న ఆలోచన మనకు రాదు.

ఆ ఆలోచన వచ్చాక అరడజను దారులు కనిపిస్తాయి. ఒక్కొక్క పేరునూ చేత్తో తీసేయవచ్చు. ఒకటికి రెండుగా ఉన్న పేర్లను కలిపేసే మెర్జ్ సదుపాయం ఫోనులోనే ఉంది, దానిని వాడవచ్చు. కంప్యూటరులో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి కూర్చోవచ్చు. జాబితా మొత్తాన్ని ఎక్సెల్‌లోకి దింపి దిద్దవచ్చు. ప్లే స్టోర్‌లో దొరికే క్లీనర్ యాప్‌ను నమ్మవచ్చు. లేదా పాతదంతా పక్కన పెట్టి కొత్తగా మొదలుపెట్టవచ్చు. బంధువుల ఫోన్లు, స్నేహితుల ఫోన్లు సర్దిపెట్టిన అనుభవంతో నేను చెప్పగలిగేది ఏమిటంటే, నంబర్లు ఏ ఒక్క చోట ఉండాలో తేల్చుకోకుండా వీటిలో ఏ దారి పట్టినా ఆరు నెలల్లో జాబితా మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి పద్ధతుల కంటే ముందు చోటు సంగతి చూడాలి.

నంబర్లు ఎక్కడ ఉండాలి?

సిమ్ కార్డును ఇంకా నంబర్ల పెట్టెగా వాడేవారు ఉన్నారు. సాధారణంగా ఒక సిమ్‌లో సుమారు 250 పేర్లు పడతాయి. మామూలుగా ఒక పేరుకు ఒక నంబరే. ఫొటో, చిరునామా, పుట్టినరోజు వంటివేవీ అందులో నిలవవు. పేరుకు ఇచ్చే చోటు కూడా చాలా తక్కువ. తెలుగు లిపిలో రాసేవారికి ఈ ఇరుకు మరింత ఎక్కువగా తెలుస్తుంది, ఎందుకంటే మన కంటికి ఆరు అక్షరాలుగా కనిపించే శ్రీనివాసరావు అన్న పేరు లోపల గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకు వచ్చి పదమూడు సంకేతాలు అవుతుంది, ఇంగ్లీషు అక్షరానికి పట్టే చోటుకు రెట్టింపు ఒక్కొక్క సంకేతానికి పడుతుంది. అందుకే సిమ్‌లోకి పంపిన తెలుగు పేర్లు తోక తెగి బయటికి వస్తాయి. ఐఫోను అయితే సిమ్‌లో నంబరు దాచుకోనివ్వదు, అందులో ఉన్నవాటిని లోపలికి తెచ్చుకోనిస్తుంది, అంతే.

ఫోను మెమరీలో మాత్రమే దాచిన నంబర్లకు చోటు కొరత లేదు, రక్షణే లేదు. ఫోను నీళ్లలో పడినా, బస్సులో పోయినా జాబితా దానితోపాటే పోతుంది. బంధువుల గ్రూపులో అప్పుడప్పుడూ కనిపించే "ఫోను పోయింది, దయచేసి అందరూ మీ నంబర్లు పంపండి" అన్న సందేశం వెనుక ఉన్న కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

గూగుల్ ఖాతాలో ఉంటే ఫోను మారినా, కంపెనీ మారినా జాబితా వెంట వస్తుంది. ఒక ఖాతాలో 25,000 పేర్ల వరకు పడతాయి కాబట్టి చోటు గురించి ఎవరికీ దిగులు అక్కరలేదు. ఐఫోను వారికి ఐక్లౌడ్ కూడా ఇదే పని చేస్తుంది, కానీ రేపు ఆండ్రాయిడ్‌కు మారితే ఆ జాబితాను ఫైలుగా దింపి తరలించాల్సిన పని ఒకటి మిగులుతుంది. వాట్సాప్ కూడా 2024 అక్టోబరులో నంబర్లను కేవలం తనలోనే దాచుకునే ఏర్పాటును ప్రకటించింది. పనిమీద పరిచయమైన వారిని ఇంటి జాబితాలో కలపడం ఇష్టం లేనివారికి ఇది అనుకూలమే గానీ, అలా దాచిన మనిషి మామూలు కాల్ చేస్తే ఫోను తెర మీద పేరు రాదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఆండ్రాయిడ్ వాడేవారు గూగుల్‌ను, ఇంటిల్లిపాదీ ఆపిల్ వాడేవారు ఐక్లౌడ్‌ను ఎంచుకోవడం మేలు. ఇంట్లో రెండు రకాల ఫోన్లూ ఉంటే, లేదా రెండేళ్లకోసారి అటూ ఇటూ మారే అలవాటుంటే ఐఫోనులో కూడా గూగుల్ ఖాతానే చేర్చుకోవడం తెలివైన పని. అయితే చేర్చి ఊరుకుంటే చాలదు. సెట్టింగ్స్‌లో కాంటాక్ట్స్ కింద డిఫాల్ట్ అకౌంట్‌గా కూడా దానినే పెట్టాలి. ఈ ఒక్క అడుగు మరచిపోయినవారి ఫోనులో పాత నంబర్లు గూగుల్‌లోనూ, కొత్త నంబర్లు ఐక్లౌడ్‌లోనూ చేరి, ఏడాది తిరిగేసరికి ఒకే పేరు రెండేసి చోట్ల మొలుస్తుంది. ఆండ్రాయిడ్‌లో కూడా కొత్త పేరు రాసే తెర పైభాగంలో అది ఎక్కడికి చేరుతుందో, అంటే సిమ్‌కా, ఫోనుకా, ఏ జీమెయిల్ ఖాతాకా అన్నది కనిపిస్తుంది. ఒకసారి అక్కడ సరిచేస్తే ఆ తరువాత ఫోను దానినే అనుసరిస్తుంది.

చెయ్యి పెట్టే ముందు ఒక నకలు

నకలు తీయకుండా తొలగింపు మొదలుపెట్టవద్దు. గూగుల్ కాంటాక్ట్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే వీకార్డ్, సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) అనే రెండు రకాల ఫైళ్లలో ఏది కావాలో అడుగుతుంది. భద్రపరచడానికి వీకార్డ్ మంచిది. 1990లలోనే పుట్టిన ఈ ఫైలు పద్ధతిని ఐఫోను, ఆండ్రాయిడ్, చివరికి చాలా పాత బటన్ ఫోన్లు కూడా గుర్తిస్తాయి. దానిని కంప్యూటరులో మామూలుగా తెరిచి చూసినప్పుడు తెలుగు పేర్ల చోట సమాన గుర్తులు, అంకెలు కలగలిసిన గజిబిజి కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అది పాత తరహా సంకేత రూపం, ఫోనులోకి తిరిగి ఎక్కించినప్పుడు మామూలుగా తెలుగులోనే వస్తుంది.

సీఎస్‌వీ దిద్దుబాటుకు పనికొస్తుంది, కానీ దానితో ప్రమాదం ఉంది. ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లు పిచ్చి గీతలుగా మారవచ్చు. అంతకంటే పెద్ద నష్టం నంబర్లకు జరుగుతుంది. +91తో కూడిన పన్నెండు అంకెల నంబరును ఎక్సెల్ ఒక పెద్ద సంఖ్యగా భావించి ప్లస్ గుర్తును తీసేస్తుంది, 9.19ఈ+11 వంటి రూపంలో చూపిస్తుంది, ల్యాండ్‌లైన్ కోడ్ ముందున్న సున్నాను మింగేస్తుంది. అలాగే సేవ్ చేసి తిరిగి ఎక్కిస్తే వందల నంబర్లు ఒకేసారి పాడవుతాయి. ఎక్సెల్‌లో డేటా మెనూ ద్వారా ఫైలును లోపలికి తెచ్చుకుని, యూటీఎఫ్-8 ఎంచుకుని, నంబర్ల వరసను అంకెలుగా కాక టెక్స్ట్‌గా ఉంచితేనే ఈ పని క్షేమం. ఈ వాక్యం అర్థం కానివారు ఎక్సెల్ దారిని వదిలేయడమే మంచిది, వారికి దాని అవసరం కూడా ఉండదు.

దారులను పక్కపక్కన పెట్టి చూస్తే

చేత్తో ఒక్కొక్కటిగా తీసేయడం నిదానమైన పద్ధతి, కానీ పొరపాట్లు అతి తక్కువ జరిగేది కూడా ఇందులోనే. రెండు మూడు వందల పేర్లు మాత్రమే ఉన్నవారికి ఇది చాలు. నాకు నచ్చిన తీరు ఏమిటంటే, ఒకేసారి కూర్చోకుండా రోజుకు ఒక అక్షరం చొప్పున చూడడం. ఇంగ్లీషులో పేర్లు దాచుకున్నవారికి ఎస్, వీ, ఆర్ అక్షరాల రోజులు కాస్త బరువుగా ఉంటాయి, ఎందుకంటే మన సుబ్బారావులు, సత్యనారాయణలు, వెంకటేశ్వర్లు, రాములు, రమేష్‌లు అందరూ అక్కడే గుమిగూడి ఉంటారు.

ఫోనులోనే ఉన్న మెర్జ్ సదుపాయం వేగమైనది. ఐఫోనులో 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి జాబితా పైభాగంలోనే నకళ్లు, అంటే ఒకటికి రెండుగా చేరిన పేర్లు, ఉన్నాయని సూచన వస్తుంది, నొక్కితే కలిపేస్తుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ కాంటాక్ట్స్ యాప్ కూడా ఒకే నంబరు లేదా ఒకే పేరు ఉన్న కార్డులను (ఒక్కో పేరు కింద ఉండే వివరాల పేజీలను) కలపమని సూచిస్తుంది. ఇక్కడ కలపడం, జోడించడం అన్న రెండింటికీ ఉన్న తేడా తెలిసి ఉండాలి. వేర్వేరు ఖాతాలలో ఉన్న రెండు కార్డులను ఫోను తరచుగా కలపదు, జోడించి తెర మీద మాత్రమే ఒకటిగా చూపిస్తుంది, లోపల అవి రెండుగానే ఉంటాయి. ఆ ఖాతాలలో ఒకదానిని కొత్త ఫోనులో చేర్చడం మరచిపోయిన రోజున సగం నంబర్లు మాయమైనట్లు అనిపించడానికి కారణం అదే.

కంప్యూటరులో కాంటాక్ట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిచి చేయడం ఈ అన్నింటిలో నేను ముందు నిలబెట్టే దారి. పెద్ద తెర మీద వంద పేర్లు ఒకేసారి కనిపిస్తాయి. మెర్జ్ అండ్ ఫిక్స్ అన్న చోట సూచనలు వరసగా వస్తాయి. అక్కరలేనివాటికి టిక్కులు పెట్టి ఒక్కసారిగా తీసేయవచ్చు. బంధువులు, పని, దుకాణాలు అని లేబుళ్లు తగిలించవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా ఇక్కడ వెనక్కి వెళ్లే దారి ఉంది. తీసేసిన పేరు 30 రోజుల వరకు ట్రాష్‌లో ఉంటుంది. అన్‌డూ ఛేంజెస్ ద్వారా పది నిమిషాల కిందటి స్థితికి గానీ, నిన్నటి స్థితికి గానీ, 30 రోజుల లోపు ఏ సమయానికైనా గానీ జాబితా మొత్తాన్ని తిప్పవచ్చు. అయితే అలా తిప్పినప్పుడు ఆ మధ్యలో కొత్తగా చేర్చిన పేర్లు కూడా పోతాయి కాబట్టి, సర్దుబాటు జరుగుతున్న రోజుల్లో కొత్త నంబర్లను ఒక కాగితం మీద కూడా రాసుకోవడం మంచిది. అదే చోట ఎడమవైపు అదర్ కాంటాక్ట్స్ అన్న మూలలో మనం ఎప్పుడో ఒకసారి మెయిల్ పంపిన చిరునామాలన్నీ పోగుపడి ఉంటాయి. అవి ఫోను జాబితాకు అడ్డు రావు, వాటి జోలికి పోకపోయినా నష్టం లేదు.

ఎక్సెల్ దారి వేల పేర్లున్న వ్యాపారులకు, సంఘాల కార్యదర్శులకు, చిట్టీలు నడిపేవారికి పనికొస్తుంది. పేర్ల ముందు ఒకే రకమైన గుర్తు చేర్చడం, ఊరి పేరును వేరే గడిలోకి మార్చడం వంటి పనులు అక్కడ గంటలో అయిపోతాయి. దిద్దిన ఫైలును గూగుల్‌లోకి తిరిగి ఎక్కించేటప్పుడు ఒక విడతకు 3,000 పేర్లకు మించి తీసుకోదు, విడదీసి ఎక్కించాలి.

క్లీనర్ యాప్‌ల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వద్దు. ఫోనూ గూగులూ ఉచితంగా చేసే పనికే అవి మన జాబితా మొత్తాన్ని చూసే అనుమతి అడుగుతాయి, అందులో ఉన్నది మన సమాచారం మాత్రమే కాదు, వందలమంది ఇతరులది కూడా. కాంటాక్టుల అనుమతి తప్పుడు చేతుల్లో పడితే ఏమవుతుందో తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో పోలీసు కేసులతో బయటపడిన లోన్ యాప్‌ల వేధింపులలో, అప్పు తీసుకున్నవారి జాబితాలోని బంధుమిత్రులకు ఫోన్లు చేసి పరువు తీయడమే ఆ యాప్‌లు నడిపినవారి ఆయుధం. ఆ తరువాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణ యాప్‌లు కాంటాక్టుల జాబితాను తాకరాదని నిర్దేశించింది, 2023లో గూగుల్ కూడా వ్యక్తిగత రుణ యాప్‌లకు ఆ అనుమతిని నిషేధించింది. జాబితా సర్దుతున్నప్పుడే సెట్టింగ్స్‌లో ఏయే యాప్‌లకు కాంటాక్టుల అనుమతి ఉందో చూసి, టార్చ్ లైటుకూ ఆటలకూ ఉన్నది తీసేయండి. ఐఓఎస్ 18 నుంచి ఐఫోనులో మనం ఎంచిన కొద్ది పేర్లను మాత్రమే ఒక యాప్‌కు చూపే వీలుంది.

ఇక అన్నీ వదిలేసి కొత్తగా మొదలుపెట్టడం వినడానికి బాగుంటుంది, మన జీవితాలకు మాత్రం సరిపోదు. పురోహితుడి నంబరు, సన్నాయి మేళం వారి నంబరు, షామియానా దుకాణం నంబరు, రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గరి డాక్యుమెంట్ రైటరు నంబరు అయిదేళ్లపాటు ఒక్కసారి కూడా వాడకపోవచ్చు, పనిబడిన రోజున లేకపోతే మాత్రం కాళ్లూ చేతులూ ఆడవు. ఏడాదిగా మాట్లాడని నంబర్లన్నీ తీసేయమనే సలహాను అందుకే నేను ఇవ్వను.

యంత్రం పట్టుకోలేని తప్పులు

ఏ మెర్జ్ సదుపాయమైనా అక్షరాలనూ అంకెలనూ పోల్చుతుంది, మనుషులను కాదు. శ్రీనివాస్ అన్న పేరును ఇంగ్లీషులో ఒకరు ఎస్ఆర్ఐ అని మొదలుపెడతారు, ఒకరు రెండు ఈలు పెడతారు, ఒకరు ఎస్ తరువాత హెచ్ చేరుస్తారు. లక్ష్మిని ఎక్స్‌తో రాసేవారు, కేఎస్‌హెచ్‌తో రాసేవారు ఎటూ ఉన్నారు. ఇంటిపేరు ముందు రాసినవి కొన్ని, వెనుక రాసినవి కొన్ని. నంబరు కూడా వేరైతే యంత్రానికి వీరంతా వేర్వేరు మనుషులే. దీనికి ఎదురు తప్పు ఇంకా ప్రమాదకరం. ఒకే పేరున్న ఇద్దరు సుబ్బారావులను అది ఒకటి చేయమంటుంది, ఒకే ల్యాండ్‌లైన్ నంబరు ఉన్న భార్యాభర్తల కార్డులను కలపమంటుంది. అందుకే మెర్జ్ ఆల్ అన్న బొత్తాం మీద వేలు పెట్టవద్దు. సూచనలను ఒక్కొక్కటిగా చదివి ఒప్పుకోవాలి.

పేరు పక్కన ఐడియా, బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్ అని రాసుకున్న తోకలను తీసేయవచ్చు. 2011 జనవరి నుంచి దేశమంతటా నంబరు మార్చకుండానే కంపెనీ మారే వీలు వచ్చింది, 2018లో ఐడియా వొడాఫోన్‌తో కలిసిపోయింది. ఆ తోకలు ఇప్పుడు దేనినీ సూచించవు. ఒకప్పుడు వేరే సర్కిల్ (టెలికాం ప్రాంతం) నంబర్లకు ముందు తగిలించిన సున్నా కూడా మొబైల్ నుంచి చేసే కాల్స్‌కు అక్కరలేదు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు మాత్రం సున్నా కొట్టాలన్న నియమం ఉంది, దానికీ ఫోనులో దాచుకునే రూపానికీ సంబంధం లేదు. ప్రతి నంబరునూ +91తో దాచుకుంటే నకళ్లు సులువుగా దొరుకుతాయి, విదేశానికి వెళ్లినప్పుడు కూడా కాల్ వెళుతుంది.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రుల ఫోన్లలో ఈ విషయం మరింత జాగ్రత్తగా చూడాలి. అక్కడి నంబరుకూ పది అంకెలే. తెలుగువారు ఎక్కువగా ఉండే డాలస్ ప్రాంతపు కోడ్‌లలో ఒకటి 972. దానితో మొదలయ్యే నంబరును +1 లేకుండా దాచుకుంటే అది అచ్చంగా మన మొబైల్ నంబరులాగే ఉంటుంది, అర్ధరాత్రి ఆత్రంగా చేసిన కాల్ మన దేశంలోనే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని నిద్ర లేపుతుంది. వాట్సాప్‌లో కూడా కొడుకు ఫొటో స్థానంలో ఎవరిదో కనిపిస్తుంది.

పాత నంబర్లను ఉంచుకోవడం వల్ల నష్టమేమిటని అడిగేవారికి ఒక సమాధానం ఉంది. మన దేశంలో వాడకం లేక ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజుల తరువాత మరొకరికి కేటాయిస్తారు. 2023లో సుప్రీంకోర్టులో ఈ అంశం చర్చకు వచ్చింది కూడా. కాబట్టి బావగారి పాత నంబరు అని మీరు దాచుకున్నది ఈరోజు వేరొకరిది కావచ్చు, యూపీఐ యాప్‌లో ఆ పేరు చూసి పంపిన డబ్బు వారికే చేరవచ్చు. పంపే ముందు తెర మీద మీరు పెట్టుకున్న పేరును కాక బ్యాంకు చూపే పేరును చదవండి. వాట్సాప్ స్టేటస్‌ను మై కాంటాక్ట్స్ అన్న అమరికతో పెట్టేవారికి ఇంకో సంగతి వర్తిస్తుంది: ఎప్పుడో ఇల్లు చూపించిన బ్రోకరు, ఒక్కసారి వచ్చిన ఏసీ మెకానిక్ మీ నంబరును కూడా దాచుకుని ఉంటే, మీ ఇంటి పుట్టినరోజు ఫొటోలు వారికీ కనిపిస్తున్నాయి.

ఎవరికి ఏది?

ఆండ్రాయిడ్ ఉండి అయిదారు వందలకు పైగా పేర్లున్నవారు, అంటే మనలో ఎక్కువమంది, సిమ్‌లోనూ ఫోనులోనూ ఉన్నవాటిని ముందు గూగుల్ ఖాతాలోకి తెచ్చుకుని, వీకార్డ్ నకలు తీసి, ఒక ఆదివారం కంప్యూటరు ముందు కూర్చోవడం అన్ని విధాలా మంచిది. కంప్యూటరు లేకపోతే అదే పని ఫోనులోని గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో చేయవచ్చు, కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఐఫోను మాత్రమే వాడేవారికి ఫోను చూపే నకళ్ల సూచన, దాని తరువాత కొంత చేతి పని సరిపోతాయి. వ్యాపారులు ఎక్సెల్‌కు పోయే ముందు మరో మార్గం ఆలోచించాలి. ఖాతాదారుల నంబర్లకు వేరే గూగుల్ ఖాతా ఒకటి తెరిచి ఫోనులో రెండింటినీ చేర్చుకుంటే, ఏ ఖాతా పేర్లు చూపాలో యాప్‌లోనే ఎంచుకోవచ్చు, దుకాణం కట్టేశాక జాబితాలో ఇంటివారే మిగులుతారు.

పెద్దవారి ఫోను సర్దేటప్పుడు పక్కన వారిని కూర్చోబెట్టుకునే చేయాలి, పేర్లు మార్చకూడదు. గ్యాస్ బండ, పాలాయన, చిన్నోడు ఆఫీసు అని వారు రాసుకున్నవి మనకు అందంగా లేకపోవచ్చు, వారు వెతికేది ఆ మాటలతోనే. ఒకటికి రెండుగా ఉన్నవాటిని తొలగించి, తరచుగా మాట్లాడే అయిదారుగురికి నక్షత్రం గుర్తు పెట్టి ఇస్తే చాలు.

ఆ పనిలో ఎప్పుడో ఒకచోట, కాలం చేసినవారి పేరు దగ్గర వేళ్లు ఆగిపోతాయి. నంబరు ఉంచితే కొన్నాళ్లకు అది మరొకరికి వెళ్లి, వాట్సాప్‌లో ఆ పేరు కింద అపరిచితుడి ఫొటో వస్తుంది. ఆ దృశ్యం చూసిన ఇంటివారు తట్టుకోలేరు. కార్డు మొత్తాన్ని తీసేయనక్కరలేదు. నంబరును మాత్రం చెరిపి, పేరూ ఫొటో అలాగే ఉంచి, నోట్స్ అన్న గడిలో వారి తిథి రాసి పెట్టుకోవచ్చు.